చేతి దోషం

వాషింగ్ మిషన్ కూడా పోయింది.

పోయే ముందు లోపలెక్కడో టప్‌మని చిన్న చప్పుడు చేసింది, అంతే. ఇంటి పెద్ద దేవుళ్లు పంచెలూ, కొడుకు కొండబాబు లుంగీలూ సబ్బునీళ్లలో నానుతూ ఉండిపోయాయి. మూత సందుల్లోంచి కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. ఆ సమయానికి శ్రీదుర్గ పెరట్లో దండెం మీద దుప్పటి ఆరేస్తోంది. చేతులు రెండూ పైకెత్తి ఉన్నాయి. మిషన్ ఎక్కడుందో, ఆమె ఎక్కడుందో కళ్లున్న వాళ్లెవరికైనా కనిపిస్తుంది.

తలుపులమ్మ వంటింట్లోంచి ముక్కు ఎగబీలుస్తూ వచ్చింది. మిషన్ వంక చూడలేదు, కోడలి చేతుల వంక చూసింది.

"ముట్టుకున్నావా?"

"లేదత్తా. స్విచ్ నువ్వే కదా ఏసావు. బటనూ నువ్వే నొక్కావు."

"బట్టలేసింది ఎవులు?"

శ్రీదుర్గ దండెం మీద దుప్పటి అంచు సవరించింది. బట్టలు వేసింది ఆమే.

"మరింకేటి! నీ సెయ్యి తగిలిన బట్ట లోపలికి ఎల్లింది. సాలదా?"

అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అని పెద్దలు ఊరికే అనలేదు. ఈ ఇంట్లో కుండలకు బదులు కరెంటు సామాను పోతోంది, అదే తేడా. ముందు ఇండక్షన్ పొయ్యి పోయింది. తర్వాత టీవీ, దాని సెట్‌టాప్ పెట్టెతో సహా. ఫోను చార్జర్లూ, తెల్లటి ఎల్ఈడీ బల్బులూ ఎన్ని పోయాయో ఎవరూ లెక్కపెట్టలేదు. టీవీ పోయిన రోజునే తలుపులమ్మ తీర్పు చెప్పేసింది, ఆ పిల్ల ఇంట్లో ఏ స్విచ్చూ ముట్టుకోకూడదని. అప్పట్నుంచి ముప్పొద్దులా వండి, ఇల్లు కడిగి, బెల్లం గానుగ దగ్గర పనిచేసే వాళ్లందరికీ అన్నం మోసే మనిషి, మునిమాపు వేళ లైటు వెయ్యమని ఎవరో ఒకరిని అడుక్కోవలసి వస్తోంది. అడగడం సిగ్గనిపించి చాలాసార్లు చీకట్లోనే బియ్యం ఏరుకుంటుంది. మామగారు దేవుళ్లు ఒక్కడే గానుగ దగ్గర్నుంచి రాగానే, ఏ మాటా అనకుండా, కాళ్లు కడుక్కోకముందే వంటింటి లైటు వేసి వెళ్తాడు.

తలుపులమ్మ మిషన్ ప్లగ్గు పీకి, తీగ చుట్టచుట్టింది.

"ఆదివారం మీ అన్నని రమ్మను. గానుగ సీజను అయ్యేదాకా పుట్టింటికాడ ఉండు. ఉగాది ఎల్లనీ, అప్పుడు సూద్దాం."

"నేనేటి సేసానత్తా?"

"నువ్వు సేసావనలేదే. నీ సెయ్యి అలాంటిది. నాకేటి సరదానా?"

ఆ మాట అన్నప్పుడు తలుపులమ్మ గొంతులో కోపం కన్నా భయమే ఎక్కువుంది. అది శ్రీదుర్గకీ తెలిసింది. తెలిసినా ఏం లాభం? ఆ వీధిలోనే చిట్టి అనే పిల్లని ఇలాగే కొన్నాళ్లు ఉండి రమ్మని పుట్టింటికి పంపారు. ఆ కొన్నాళ్లు ఇంకా అవ్వలేదు. తన పుట్టిల్లు కోటవురట్ల ఎంతో దూరం కాదు, బస్సెక్కితే పొద్దుటికి పొద్దు వెళ్లి రావచ్చు. అలా పంపేశాక మళ్లీ రమ్మని పిలిచేది ఎవరు?

*

మర్నాడు కొండబాబు మిషన్ వెనక రేకు విప్పి బోర్డు బయటికి తీశాడు. నర్సీపట్నం తీసుకెళ్లి బాగుచేయించాలి. బండి నడిపే వాడికి బోర్డు పట్టుకునే మనిషి కావాలి, గానుగ దగ్గర్నుంచి ఇంకెవరూ కదిలే వీల్లేదు. అందుకని శ్రీదుర్గని వెనక ఎక్కించుకున్నాడు. తలుపులమ్మ పాత తువ్వాలు తెచ్చి ఆ చచ్చిన బోర్డుని కోడలి చెయ్యి తగలకుండా గట్టిగా చుట్టి మరీ ఒళ్లో పెట్టింది. చచ్చినదానికి ఇంకేం జరుగుతుందని అడిగేవాళ్లు ఆ వాకిట్లో లేరు.

సింహాద్రి కొట్టు అబీద్ సెంటర్ దాటాక ఓ సందులో ఉంది. ఒక బల్లా, ఒక లైటూ, చుట్టూ విప్పి పడేసిన టీవీలూ. యాభై దాటిన మనిషి. కళ్లజోడు నుదుటి మీదికి తోసుకుని, బోర్డుని ముక్కు దగ్గరగా పెట్టుకుని వాసన చూశాడు. తర్వాత పట్టకారుతో ఒక మూల గీకాడు. నల్లగా మాడిన చిన్న బిళ్ల ముక్క రాలింది.

"ఇదిగో, ఇదమ్మా మీ బోర్డుకి కాపలా మనిసి. నీలం బిళ్ల. మామూలప్పుడు దీనికి పనే లేదు, కూకుంటాది. కరెంటు హద్దు దాటి ఎగిరి పడిందనుకో, ఆ దెబ్బ బోర్డుకి తగలనీకుండా ఇది తింటాది. తినీ తినీ ఒకరోజు ఇలాగ పగిలిపోద్ది. ఆ తరవాత దెబ్బ తిన్నగా బోర్డుకే." వేలితో ఆ మాడిన చోటు చూపించాడు. "సాలా దెబ్బలు తిన్నాది పాపం. మీ ఇంటికాడ పెద్ద మోటారేటైనా ఉందా?"

"గానుగ ఉందండి. చెరకు క్రషరు," అన్నాడు కొండబాబు. "ఇంటి వెనకాలే. ఒకటే ట్రాన్స్‌ఫార్మరు."

"ఎలాగ ఆపుతారు? స్టార్టరు ఎర్ర బటన్ నొక్కా?"

"లేదండి. మా నాన్న మెయిన్ పిడి లాగీస్తాడు."

"నడుస్తుండగానే?"

"ఆఁ."

సింహాద్రి పట్టకారు బల్ల మీద పెట్టేశాడు.

"మరింకేటి బాబూ! పరిగెత్తే ఎడ్లని ఒక్కసారి బిగబడితే బండి బరువంతా ఏటవుద్ది? కాడి మీదకి వచ్చి పడదా? ఇదీ అంతే. తిరిగే మోటారుని పిడి లాగి తెంపీసారంటే, దాన్లో ఉన్న జోరు ఎటూ పోలేక ఒక్క ఎగురు ఎగిరి తీగల్లోకి వస్తాది. కన్ను మూసి తెరిసేలోగా వచ్చి పోద్ది. ఆ కాస్తకే ఈ సిన్న బోర్డులు మాడిపోతాయి."

శ్రీదుర్గ గొంతు సవరించుకుంది. "మరి నాను రాకముందు ఇంట్లో ఏటీ కాలలేదంటారండి మా అత్త."

"నువ్వు రాకముందు ఏటున్నాయమ్మా ఇంట్లో?"

"ట్యూబులైటు, ఫేను, గ్రైండరు."

"అవి మొద్దు సామాను, ఎంత దెబ్బైనా కాసుకుంటాయి. ఈ బోర్డులున్న సామానంతా పెళ్లయ్యాక కొన్నారు కదా? కాలడానికి అప్పుడేటుంది? ఇప్పుడుంది, కాల్తంది."

చాలా మామూలుగా అనేసి, అతను బోర్డు మీద వంగి కొత్త బిళ్ల అతకడం మొదలుపెట్టాడు. శ్రీదుర్గ స్టూలు మీద కూర్చుని ఒళ్లో ఉన్న పాత తువ్వాలు చూసుకుంది. ఒక్కసారిగా ఏడుపొచ్చింది. ఏడాదిగా ఆమె కూడా నమ్ముతూ వచ్చింది మరి. రాత్రుళ్లు పడుకుని తన అరచేతులు తానే తిప్పి చూసుకుంది. ఇప్పుడు ఎవరో తెలియని మనిషి, ఆమె కోసమని కాకుండా, బోర్డు కోసం చెప్పిన నాలుగు మాటలతో ఆ చేతులు మళ్లీ ఆమెవి అయ్యాయి.

కొండబాబు సింహాద్రిని మర్నాడు ఇంటికి రమ్మన్నాడు. ఇంటి మీటరు దగ్గర పెద్ద బిళ్లలు, వాటి పక్కన ఫ్యూజులు, గానుగ స్టార్టరు దగ్గర కూడా ఆ దెబ్బ పుట్టిన చోటే ఆగేలా ఏర్పాటు. అన్నీ మాట్లాడుకున్నాడు. మంచి పనే చేశాడనుకుంది శ్రీదుర్గ. ఊరు దాటి గొలుగొండ దారి పట్టాక, జీడితోటల దగ్గర బండి ఆపాడు.

"నాన్నకి ఈ మాట సెప్పొద్దు దుర్గా."

"మీ అమ్మకి?"

"అమ్మకి సెప్తే నాన్నకి సెప్పినట్టే కదా. నలుగురిలో పరువున్న మనిసి. ఇంట్లో సామానంతా నువ్వే కాల్చావని ఈ వయసులో ఆయన్ని ఎలాగ అంటాను?"

"నన్నన్నారు కదా."

"నువ్వూ ఆయనా ఒకటేనేటి?"

ఆ మాట అతను కోపంగా అనలేదు, ఎగతాళిగానూ అనలేదు. తూర్పున పొద్దు పొడుస్తుందన్నట్టు అన్నాడు. అందుకే అది తిన్నగా వెళ్లి తగిలింది.

"బిళ్లలు కట్టీస్తే ఇంకేటీ కాలదు. నువ్వు కొన్నాళ్లు ఎల్లొచ్చీ. అమ్మ మెత్తబడ్డాక నేనే వచ్చి తెచ్చుకుంటాను," అని బండి స్టార్టు చేశాడు.

*

సాయంత్రం ఆమె గానుగ దగ్గరికి టీ తీసుకెళ్లింది. ఆఖరి పెనంలో చెరకు రసం పొయ్యి మీద పొంగుతోంది. పాకం వాసన, పిప్పి మంట వేడి. రోలర్ల దగ్గర లక్ష్ముడు చివరి గడలు పెడుతున్నాడు. అతని కుడిచేతికి రెండు వేళ్లు లేవు. మిగిలిన మూడింటితోనే చెరకు అందుకుని, లోపలికి తోసి, చెయ్యి వెనక్కి తీసుకునే తీరు చూస్తే ఎవరికైనా ఒళ్లు జలదరిస్తుంది.

గడలు అయిపోయాయి. దేవుళ్లు లేచి, తలగుడ్డ సవరించుకుని, గోడకున్న ఇనప పెట్టె దగ్గరికి నడిచాడు. గానుగ ఆపడం ఆ ఇంటి పెద్ద చెయ్యాల్సిన పని, ఇంకొకళ్లు చెయ్యరు. పిడి పట్టుకుని ఒక్క ఊపున కిందికి లాగాడు. పెట్టెలో నీలంగా మెరుపు మెరిసింది. శ్రీదుర్గ ఆ మెరుపు చూడలేదు. ఆమె ఇంటివైపు తిరిగి నిలబడింది. వంటింటి కిటికీలో బల్బు ఒక్కసారి తెల్లగా బగ్గుమని, మళ్లీ మామూలైంది.

ఎన్నాళ్లుగానో కళ్లముందు జరుగుతున్నదే. మధ్యాహ్నం అన్నాల వేళ ఒకసారి, పొద్దుగూకాక ఒకసారి. ఆ రెండూ ఆమె వంటింట్లో ఉండే వేళలే.

"బటన్ ఉంది కదా లక్ష్ముడన్నా, మావ పిడెందుకు లాగుతాడు?" టీ గ్లాసు అందిస్తూ అడిగింది.

లక్ష్ముడు తన చెయ్యి చూపించాడు. "దీని వల్లమ్మా. ఆరోజు ఎర్ర బటన్ నొక్కితే గానుగ ఆగలేదు. లోపలేటో అతుక్కుపోనాదంట. మీ మావ ఒక్క ఉరుకున ఎల్లి మెయిన్ లాగీసాడు కాబట్టి రెండు వేళ్లతో పోయింది, నేకపోతే భుజం దాకా ఎల్లీది. ఆ దినం నుంచీ ఆయన ఆ బటన్ నమ్మడు."

శ్రీదుర్గ ఖాళీ గ్లాసులు ఏరుకుంది. దారంతా ఒక మాట కూడగట్టుకుని వచ్చింది. నలుగురిలో అడిగెయ్యాలని, ఎవరి చేతిలో ఉంది దోషమని గట్టిగా అడగాలని. ఇప్పుడా కోపం పెట్టుకునే చోటు లేకుండా పోయింది. తన కోసం లైటు వేసే చెయ్యీ, ఒక మనిషి చెయ్యి కాపాడిన చెయ్యీ, ఇంట్లో సామాను కాల్చిన చెయ్యీ ఒకటే.

*

శనివారం సింహాద్రి సంచీతో వచ్చాడు. మీటరు పక్కన చెక్క మీద చిన్న పెట్టె బిగించి, అందులో నాణెమంత నీలం బిళ్లలు వరసగా అమర్చుతుంటే తలుపులమ్మ గుమ్మంలో నిలబడి చూసింది.

"ఇయ్యేటి బాబూ? దిష్టి బిళ్లలా?"

"అలాంటియ్యేనమ్మా. సామాను కాలకుండా కాస్తాయి."

"ఆ పిల్ల ముట్టుకున్నా?"

సింహాద్రి స్క్రూ తిప్పడం ఆపి కొండబాబు వంక చూశాడు. కొండబాబు నేల చూశాడు.

"ఎవులు ముట్టుకున్నా కాలదమ్మా."

"అయితే సేతి దోషం పోద్దన్నమాట!"

"పోద్దమ్మా," అన్నాడు సింహాద్రి. తనది కాని ఇంట్లో తగువు ఎందుకనుకున్నాడో ఏమో.

తలుపులమ్మ రెండు చేతులూ జోడించింది. నిజంగానే సంతోషించింది మనిషి. "ఓలె దుర్గా, ఇన్నావా! ఇంకెందుకే ఎల్లడం? మీ అన్నకి ఫోను సేసి వద్దని సెప్పీ," అంది.

శ్రీదుర్గ తలూపింది. కోరుకున్నది దక్కింది. ఈ ఇంట్లోనే ఉండొచ్చు, పంపెయ్యరు. ఆ పెట్టె గోడ మీద ఉన్నన్నాళ్లూ ఆమె చేతికి దోషమూ ఉంటుంది, దానికి మందూ ఉంటుంది. రేపు ఏ బిళ్లో పగిలిపోతే మళ్లీ అందరి కళ్లూ ఆమె చేతుల మీదికే వస్తాయి. ఫోను చేతిలోకి తీసుకుంది, చెయ్యలేదు. అన్నం క్యారియరు సర్దుకుని మగవాళ్ల వెనకే గానుగ దగ్గరికి వెళ్లింది.

సింహాద్రి పాత స్టార్టరు విప్పి కొత్తది పెట్టాడు, దాని పక్కన ఇంకో పెట్టె బిగించాడు. దేవుళ్లు పొయ్యి దగ్గర కూర్చుని తెడ్డుతో నురగ తీస్తూ అంతా చూస్తున్నాడు. కాసేపటికి తెడ్డు లక్ష్ముడికి ఇచ్చి వచ్చాడు.

"ఇంట్లో కట్టింది మా కోడలి సేతికి మందన్నారంట. మా యావిడ మురిసిపోతంది." ఇనప పెట్టె మీద చెయ్యి వేశాడు. "మరి ఇక్కడ కడతన్నది ఎవుల సేతికి మందు, సింహాద్రీ?"

సింహాద్రి స్క్రూడ్రైవర్ పట్టుకుని అలాగే ఉండిపోయాడు. కొండబాబు బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. దేవుళ్లు ఇద్దర్నీ చూసి, కోడలి వైపు తిరిగాడు.

"నువ్వు సెప్పమ్మా."

"నువ్వు పిడి లాగినప్పుడల్లా ఇంట్లో లైటు బగ్గుమంటాది మావా."

అంతే అంది. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేకపోయింది. ఆయన పిడి వంక చూశాడు, దాన్నుంచి పైకి పోయే తీగ వంక, స్తంభం వంక, అక్కణ్నుంచి ఇంటి కప్పు మీదికి దిగే తీగ వంక చూశాడు. చదువుకోని కళ్లకైనా ఆ దారి తెలుస్తూనే ఉంది.

"టీవీ కూడానా?"

"అన్నీనండి," అన్నాడు సింహాద్రి మెల్లగా. "ఇకమీదట బటన్‌తో ఆపండి. కొత్తది, అతుక్కోదు. పిడి ఉండనీండి, ఎవులి సెయ్యైనా రోలర్లలో పడినప్పుడు లాగడానికి."

దేవుళ్లు తలగుడ్డ విప్పి చేతులు తుడుచుకున్నాడు. అంటుకున్నది ఏమీ లేకపోయినా చాలాసేపు తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం ఎర్ర బటన్ ఆయనే నొక్కాడు. నొక్కేటప్పుడు లక్ష్ముణ్ని రోలర్లకి దూరంగా నిలబెట్టాడు. గానుగ ఆగింది. ఎప్పుడూ గానుగ దగ్గరే తినేవాడు, ఆ రోజు అన్నానికి ఇంటికి వచ్చి పీట మీద కూర్చున్నాడు.

"సామానంతా కాల్చింది నేను. ఆ పిల్ల కాదు. నేను పిడి లాగితే కాలింది," అన్నాడు తలుపులమ్మతో.

తలుపులమ్మకి సగమే అర్థమైంది. అయినా గరిటె పట్టుకున్న చేత్తోనే గాలిని తోసేసింది. "నువ్వు తెలిసి సేసావేటి? తెలీక జరిగింది. దానికేటి, తిను!"

అన్నంలో పప్పు కలిపేలోగా ఆయన తప్పు మాఫీ అయిపోయింది. గుమ్మం పక్కన నిలబడి వింటున్న శ్రీదుర్గకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఏడాది పాటు ఆమె మోసిన దానికి ఆయన విషయంలో ముద్ద కలిపేంత సేపు కూడా పట్టలేదు.

దేవుళ్లు తినలేదు. "మరి ఆ పిల్ల తెలిసి సేసిందా?"

తలుపులమ్మ గిన్నె మీద మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది.

*

ఆదివారం పొద్దున్నే తలుపులమ్మ, పెరట్లోంచి, "దుర్గా, ఆ నీళ్ల మోటారు స్విచ్ ఏసీ," అని కేకేసింది. మామూలు రోజు మామూలు మాటలాగే అంది. ఆవిడకి తెలిసిన క్షమాపణ అంతకన్నా లేదు. శ్రీదుర్గ స్విచ్ వేసింది. నీళ్లు వచ్చాయి. అత్త మీద ఆమెకి కోపం లేదు. భయపడిన మనిషి భయం పోయాక మామూలైంది.

అన్న వీరేంద్ర తన ఆటోతోనే వచ్చి వాకిట్లో ఆగాడు. చెల్లెలు బ్యాగుతో బయటికి రావడం చూసి తలుపులమ్మ అదిరిపడింది.

"రావద్దని సెప్పలేదా? ఎక్కడికే ఇప్పుడు? అంతా బాగైపోయింది కదా!"

"ఎల్లొస్తానత్తా."

తలుపులమ్మ మొగుడి వంక చూసింది. దేవుళ్లు అరుగు మీంచి లేచి వచ్చి బ్యాగు అందుకుని ఆటోలో పెట్టాడు. "ఎల్లి రామ్మా," అన్నాడు. ఇంకేమీ అడగలేదు. తను ఇప్పుడు వెళ్తున్నది పంపితే వెళ్లడం కాదని ఆ వాకిట్లో ఆయనకొక్కడికే తెలిసినట్టుంది అనుకుంది శ్రీదుర్గ.

కొండబాబు ఆటో అవతలి వైపు నుంచి వచ్చి గొంతు తగ్గించాడు.

"ఏటే ఇది? నాన్న ఒప్పుకున్నాడు కదా. అమ్మా ఊరుకుంది. ఇంక నీకు లోటేటి?"

"మావ తెలీక సేసాడు. అత్త తెలీక అన్నాది." శ్రీదుర్గ అతని కళ్లలోకి చూసింది. పెళ్లయ్యాక అలా చూడడం అదే మొదలేమో, అతనే కళ్లు తిప్పుకున్నాడు. "నువ్వు తెలిసి ఊరుకున్నావు. జీడితోటల కాడ బండాపి, తెలిసీ నన్ను ఎల్లమన్నావు. మీ నాన్నే ఒప్పుకోకపోతే నువ్వీవేళ కూడా నోరిప్పీవోడివి కావు."

"అదికాదు దుర్గా, నాన్న పరువు..."

"మీ నాన్న పరువు ఆయనే సూసుకున్నాడు. నువ్వు సూడక్కర్లేకపోయింది."

"మరి ఎప్పుడొస్తావు?"

"ముందే తెలిసినా సెప్పలేదని మీ అమ్మకి నీ నోటితో సెప్పు. సెప్పిన రోజు వచ్చి పిలు. వస్తాను."

ఆటో ఎక్కి కూర్చుంది. వీరేంద్రకి ఏమీ అర్థం కాక బావగారి వంకా చెల్లెలి వంకా చూసి, హ్యాండిల్ లాగి ఇంజను స్టార్టు చేశాడు. ఆటో వీధి మలుపు దాకా వెళ్లింది. చెరకు బండి ఒకటి అడ్డొచ్చి అక్కడ ఆగాల్సి వచ్చింది. శ్రీదుర్గ వెనక్కి తిరిగి చూసింది. వద్దనుకుంటూనే చూసింది.

వాకిట్లో తలుపులమ్మ కొడుకుని ఏదో నిలదీస్తోంది. కొండబాబు తల వంచుకుని ఉన్నాడు. తర్వాత తలెత్తి ఏదో అన్నాడు. ఒక్క మాట కాదు, కాసేపు అన్నాడు. ఇంత దూరానికి ఏమీ వినపడలేదు. తలుపులమ్మ చెయ్యెత్తింది, కొట్టడానికే అనుకుంది శ్రీదుర్గ. ఆ చెయ్యి గాల్లోనే ఆగి, ఆవిడ నోటికి అడ్డుపడింది. అలాగే మెల్లగా అరుగు మీద కూలబడింది.

చెరకు బండి తప్పుకుంది.

"ఏటమ్మా, ఎనక్కి తిప్పీయమంటావా?" అన్నాడు వీరేంద్ర.

"వద్దన్నియ్యా. పిలవడానికి రానీ," అంది శ్రీదుర్గ. "బేగి పోనీ."